ఒక రేకు తక్కువైన దానిమ్మ పువ్వు

ధర్మవరంలో పట్టుచీరల సంగతి తెలిసినవాళ్లలో గ్రాఫ్ లక్ష్మన్నను ఎరగనివాళ్లు తక్కువ. ఇంటిపేరు వేరే ఉంది గానీ అది రేషను కార్డులో పడుకుని ఉంటుంది, బయటికి రాదు. చీర మీద పువ్వు పడాలన్నా, నెమలి పడాలన్నా ముందు ఎవరో ఒకరు గళ్ల కాగితం మీద గడి గడికీ చూసుకుని గీయాలి. ఆ గీత ప్రకారం అట్టలకు బెజ్జాలు కొట్టి మగ్గం మీది జకార్డు పెట్టెకు ఎక్కిస్తే, నేసే మనిషి తొక్కినప్పుడల్లా ఏ దారం లేవాలో ఆ దారమే లేస్తుంది. నలభై ఏళ్లుగా ఆ గీసే పని లక్ష్మన్నది. మనిషి పొట్టి, మాట తక్కువ. కళ్లకు మాత్రం ఒక పాడు అలవాటుంది. ఎదుట ఎవరు నిలబడినా మొహం చూడడు, కట్టుకున్న గుడ్డ చూస్తాడు. పెళ్లికి పోయి వచ్చాక పెళ్లికూతురు ఎట్లా ఉందని అడిగితే, "అంచు బాగుండాది, బుటాలే కిక్కిరిసిపోయినాయి" అంటాడు.

ఆయన భార్య ఓబులమ్మ బతికున్నప్పుడు ఈ సంగతి వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేది. "నన్ను చూడ్డానికొచ్చిన పొద్దు గూడా నా మొగం చూళ్లేదమ్మా ఈయప్ప. మా యమ్మ కట్టుకున్న చీర చూసి ఒప్పుకున్యాడు."

లక్ష్మన్నకు గీత నేర్పింది యల్లప్ప అనే పెద్దాయన. ఆయన పాఠాల్లో ఒకటి కాస్త వింతైనది. ఏ డిజైనూ నిండుగా గీయకూడదు, ఎక్కడో ఒక పువ్వుకు ఒక రేకు విడిచిపెట్టాలి. "నిండుగా ఉండేదానికి దిష్టి తగుల్తాదిరా. కట్టుకునే ఆడబిడ్డకు తగలాల్సింది ఆ లేని రేకుకు తగిలి పోతాది" అనేవాడు. పసిబిడ్డ బుగ్గన కాటుక చుక్క పెట్టినట్టన్నమాట. ఆయన దగ్గర నేర్చుకున్న మిగతావాళ్లు ఆ పాఠాన్ని ఆయనతోటే సాగనంపారు. లక్ష్మన్న మాత్రం నలభై ఏళ్లలో ఒక్క డిజైను కూడా నిండుగా గీయలేదు. ఆ సంగతి కొన్నవాళ్లకు తెలియదు, అమ్మినవాళ్లకూ తెలియదు. తెలిసింది ఓబులమ్మకు ఒక్కదానికే.

ఓబులమ్మ నేత మనిషి. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుందంటే పొద్దు ఎటు పోయిందో పట్టేది కాదు. మొగుడు ఏ పువ్వుకు రేకు విడిచాడో ముందుగా చెప్పకూడదని ఆమె షరతు. నేస్తూ నేస్తూ ఆ పువ్వు తగిలినప్పుడు ఆమె ఏమీ అనేది కాదు, వేలితో మగ్గం కొయ్య మీద రెండుసార్లు టక్ టక్‌మని తట్టేది. ముందు గదిలో గళ్ల కాగితం మీద వంగి ఉన్న లక్ష్మన్న తలెత్తకుండానే నవ్వుకునేవాడు. ఆ చప్పుడు ఏమిటో ఇంట్లో పెరిగిన కూతురు ప్రేమలతకు కూడా తెలియదు. మొగుడూ పెళ్లాలకు అట్లాంటి మాటలు కొన్ని ఉంటాయి, అవి పిల్లలదాకా రావు.

ఇక అశ్వత్థప్ప. హిందూపురం బజారులో ఈరోజు ఆయన పట్టుచీరల దుకాణానికి మూడు అంతస్తులు, లిఫ్టు. బోర్డు మీద 'నాలుగు తరాల పట్టు' అని బంగారు అక్షరాలు. ఆ నాలుగు తరాల్లో రెండు తరాలు బెల్లం అమ్మినవేనని పాత బజారులో అందరికీ తెలుసు, కానీ లిఫ్టు ఉన్న దుకాణం గురించి అట్లాంటి మాటలు ఎవరూ గట్టిగా అనరు. నలభై ఏళ్ల కిందట, మీసాలు కూడా సరిగా రాని అశ్వత్థప్ప ధర్మవరం వచ్చి లక్ష్మన్న గీసిన మొదటి డిజైను తీసుకుపోయాడు. ఆనాటి నుంచి ఇద్దరూ ఒక కంచంలో తిన్నవాళ్లు. ఓబులమ్మ ఆయన్ని అన్నా అని పిలిచేది, ఆయన చెల్లెమ్మా అనేవాడు. రాఖీలూ గీఖీలూ లేవు గానీ ఆ పిలుపు ఉత్త పిలుపు కాదని లక్ష్మన్న నమ్మకం.

ప్రేమలతకు పదకొండేళ్లప్పుడు ఓబులమ్మ ఒక చీర మొదలుపెట్టింది. సావుకార్ల ఆర్డరు కాదది. కూతురి పెళ్లికి, తన సొంత పట్టుతో, తన చేత్తో. దానికోసం లక్ష్మన్న లేపాక్షి పోయి, గుడిలో స్తంభాల మీది తీగను రెండు పొద్దులు కూర్చుని గీసుకొచ్చాడు. ఆ తీగకు తన పెరట్లోని దానిమ్మ పూలు తగిలించాడు. చీర ఒంటికి దానిమ్మ గింజ రంగు, అంచుకు ఆకుపచ్చ. ఆ ఒక్కసారే ఓబులమ్మ షరతు మార్చింది.

"ఈసారి రేకు నేను చెప్పినకాడ ఇడువు. పాప కొంగేసుకుంటే భుజం మీద పడే పువ్వుకు. చూసేటోళ్ల కండ్లు మొదట పడేది ఆడనే గదా."

సావుకార్ల పని పోను మిగిలిన గంటల్లో నేసింది కాబట్టి ఎనిమిది నెలలు పట్టింది. పూర్తయిన రోజున అశ్వత్థప్ప వచ్చాడు. చీర విప్పి చూశాడు, మళ్లీ చూశాడు, కాఫీ చల్లారిపోయినా తాగలేదు. చివరికి, "చెల్లెమ్మా, క్యాలెండరుకు ఫోటో తీయించుకుంటా. వారానికంతా మళ్లీ మీ ఇంట్లో ఉంటాది" అన్నాడు. అన్న అడిగితే చెల్లెలు కాదంటుందా? పసుపు గుడ్డలో చుట్టి ఇచ్చింది.

మూడో వారం అశ్వత్థప్ప ఉత్త చేతులతో వచ్చాడు. గడప మీదే కూలబడి, తువ్వాలు మొహానికి కప్పుకుని ఏడ్చాడు. గోదాములో కరెంటు మంటలు లేచాయట, ముప్పై చీరలు బూడిదయ్యాయట, అందులో ఇదీ ఒకటట. మంటలు లేచిన మాట నిజమే, ఊరంతా విన్నదే. ఓబులమ్మ లోపలికి పోయి మజ్జిగ తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"ఊరుకో అన్నా. మనుషులు బాగుండారు గదా, అది చాలు. నా చేతులు యాడికి పోయినాయి, మళ్లా నేస్తాలే."

మళ్లీ మొదలుపెట్టింది కూడా. కానీ ఆ ఏడే ఒంట్లో జబ్బు బయటపడింది. రెండో చీర మూరెడు దగ్గర ఆగిపోయింది, రెండేళ్లకు మనిషీ ఆగిపోయింది. ఆస్పత్రికి అశ్వత్థప్ప కారే తిరిగింది. పాడె కూడా ఒక పక్క ఆయనే మోశాడు. తర్వాత ప్రేమలత పెళ్లికి తన దుకాణం నుంచి ఒక మంచి చీర తెచ్చి, "ఆ చీర నా చేతుల్లో పోయె, ఇది నా చేతులతోనే ఇస్తాండా" అని పెట్టాడు. ఆ మాటకు లక్ష్మన్న ఆయన చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ అద్దుకున్న కళ్లు మండుతాయి.

పోయిన ఏడాది ఒక పొద్దున అశ్వత్థప్ప ఫోను చేశాడు.

"ఏమప్పా లక్ష్మన్నా, పాస్‌పోర్టు తీయించుకో. ఇటలీకి పోదాం."

"యాడికీ?"

"ఇటలీకబ్బా. ఫ్లోరెన్స్ అని ఊరు. ఊరంతా మ్యూజియాలే. ఒక మ్యూజియమోళ్లు నన్ను పిలిచినారు, తోడుగా నేతపని తెలిసిన మనిషిని పిల్చుకొని రమ్మన్యారు. ఆడ నీకొకటి చూపిస్తా. ఏందని అడగద్దు, ఇప్పుడు చెప్పను."

అరవై నాలుగేళ్ల మనిషి, తిరుపతి దాటి పోయింది లేదు. పెనుకొండలో కాపురమున్న ప్రేమలత పరిగెత్తుకుని వచ్చి సంచీ సర్దింది. చెనిక్కాయల పొడి ఒక డబ్బా, స్వెట్టరు ఒకటి, మోకాళ్ల నొప్పికి మాత్రలు. "నాయనా, ఆడ ఏమేం చూస్తావో ఒకటీ మరిచిపోకుండా అన్నీ నాకు చెప్పల్ల" అని నాలుగుసార్లు చెప్పింది.

ఫ్లోరెన్స్‌లో మాట సాయానికి అశ్వత్థప్ప రంజిత అనే పిల్లను పెట్టాడు. గోరంట్ల పిల్ల, అక్కడ చదువుకుంటోంది. అంతదూరం పోయి గోరంట్ల యాస వినేసరికి లక్ష్మన్నకు సగం బెంగ తీరింది. మొదటి రోజు అశ్వత్థప్ప ఏవో మీటింగులకు పోతే, రంజిత లక్ష్మన్నను ఏటి ఒడ్డునున్న పెద్ద మ్యూజియానికి తీసుకుపోయింది. మధ్యాహ్నం ఇంకొక దాంట్లో ఆకాశమంత ఎత్తు పాలరాతి మనిషి బొమ్మను చూపించింది. జనం ఆ బొమ్మ చుట్టూ తిరునాళ్లకు వచ్చినట్టు తిరుగుతున్నారు. లక్ష్మన్న ఒకసారి కిందికీ మీదికీ చూసి తలకాయ తిప్పుకున్నాడు.

"బాగుండాడు గానీ పాపా, ఒంటి మీద నూలుపోగు లేదే. నాకేం చూసేది ఉంటాది?"

పొద్దున చూసిన పెద్ద మ్యూజియంలో మాత్రం ఒక పటం ముందు ఆయన కాళ్లు నాటుకుపోయాయి. ఎవరో పాతకాలపు రాణమ్మ. తెల్ల పట్టు గౌను, దాని మీద నల్లని తీగ, గుండె మీద బంగారు జరీతో ఇంత పెద్ద దానిమ్మ కాయ. లక్ష్మన్న ముప్పావు గంట అక్కడే ఉన్నాడు. మడత పడినచోట పువ్వు ఎట్లా విరిగిందో, వెలుగు తగిలినచోట జరీ ఎట్లా లేచిందో వేలు గాల్లో ఆడిస్తూ లెక్క చూసుకున్నాడు. కాపలా ఆయన రెండుసార్లు దగ్గరికి వచ్చి, ముసలాయన పటాన్ని ఏమీ చేయడంలేదని నమ్మకం కలిగాక వెనక్కి పోయాడు.

"ఇది గీసినాయప్ప మగ్గం చూసినోడు పాపా. పడుగు యాడ పోతాదో పేక యాడ పోతాదో తెలియనోనికి ఈ మడత రాదు. ఎవరంట?"

రంజిత పక్కనున్న చీటీ చదివి చిత్రకారుడి పేరు చెప్పింది.

"మరి ఆ గుడ్డ నేసిందెవరంట?"

"అది రాయలేదు తాతా."

"చూసినావా! గీసినోని పేరు రాసుకున్యారు, నేసినోని పేరు ఇడిసిపెట్టినారు" అని లక్ష్మన్న నవ్వాడు. ఆ నవ్వులో కోపమేమీ లేదు. తనూ గీసేవాడే కదా, కొంచెం గర్వమే ఉంది.

రెండో రోజు అసలు పిలిచిన మ్యూజియానికి పోయారు. పాత ఇల్లొకటి, అన్ని గదుల్లోనూ పాత బట్టలు. అశ్వత్థప్ప కొత్త సూటు వేసుకుని, నుదుట కుంకుమ బొట్టు పెట్టుకుని వచ్చాడు. మ్యూజియం పెద్దమ్మ, తెల్లజుట్టు ఆవిడ, ఎదురొచ్చి చేతులు కలిపింది. మూడో గది వాకిట్లో అశ్వత్థప్ప లక్ష్మన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"కండ్లు మూసుకోప్పా. నేను చెప్పినాక తెరువు."

చిన్నపిల్లవాడిలాగే మూసుకున్నాడు. నాలుగడుగులు నడిపించాక తెరవమన్నాడు. తెరిచేసరికి ఎదురుగా అద్దాల వెనక, చిన్న దీపాల కింద, కొంగు పరిచి పెట్టిన దానిమ్మ గింజ రంగు చీర ఉంది.

లక్ష్మన్నకు మొదట కలిగింది సంతోషమే, అబద్ధమెందుకు. కాలిపోయిందనుకున్నది కాలలేదు. ఓబులమ్మ ఎనిమిది నెలల కష్టం అట్లాగే ఉంది. దగ్గరికి పోయి, భుజం మీద పడే పువ్వు ఎక్కడుంటుందో అక్కడ వెతికాడు. అన్ని పూలకూ ఆరు రేకులు, ఆ పువ్వుకు అయిదు. ఆయన చెయ్యి తనంతట తానే లేచి అద్దం మీద టక్ టక్‌మని రెండుసార్లు తట్టింది. అద్దం ముట్టకూడదని కాపలా మనిషి కేకేశాడు.

"మంటల్లోనుంచి బయటపడిందా అన్నా! యాడ దొరికె? ఎప్పుడు దొరికె?" అన్నాడు లక్ష్మన్న. అశ్వత్థప్ప నవ్వాడు. లక్ష్మన్న చీటీ చూపించి రంజితను చదవమన్నాడు. ఆ పిల్లకు ముందూ వెనకా తెలియదు, చూసింది చూసినట్టు తెలుగులో చెప్పింది.

"దానిమ్మ పూల పట్టుచీర, దక్షిణ భారతదేశం. సుమారు నూరేండ్ల నాటిది. హిందూపురం అశ్వత్థప్పగారి ముత్తవ్వ పెళ్లిచీర. ఆ కుటుంబం ఇచ్చిన కానుక. నేసినవారి పేరు తెలియదు."

"ఇంగొకసారి చదువు పాపా."

మళ్లీ చదివింది. ఈసారి చివరి ముక్క దగ్గర ఆమె గొంతు తగ్గింది, ఎందుకంటే లక్ష్మన్న మొహం చూసింది. మ్యూజియం పెద్దమ్మ ఏవో కాగితాలు తేవడానికి పక్కగదికి పోయింది. లక్ష్మన్న అశ్వత్థప్ప వైపు తిరిగాడు. నలభై ఏళ్లలో మొదటిసారి ఆయన సూటు కాదు, మొహం చూశాడు.

"కాలిపోయిందంటివే అన్నా."

"నిదానంగా మాట్లాడప్పా, అందరూ చూస్తాండారు."

"గడప మీద కూర్చోని ఏడిస్తివే. ఆయమ్మ నీకు మజ్జిగ తెచ్చిస్తే తాగితివే!"

అశ్వత్థప్ప సూటు గుండీ సవరించుకున్నాడు. తర్వాత చెప్పిన మాట మాత్రం నిజమే చెప్పాడు.

"ఇయ్యబుద్ధి కాలేదు లక్ష్మన్నా. చీర అట్లుండె. రేపిద్దాం, మన్నాడిద్దాం అనుకుంటాండగానే మంటలు లేచె. సరే, దేవుడే దారి చూపించినాడనుకున్యా. అమ్ముకున్యానా చెప్పు? అమ్ముకోలేదే! బీరువాలో పెట్టుకోని ఏడాదికి రెండుసార్లు తీసి చూసుకుంటాంటి. ఈయమ్మ మన దుకాణానికొచ్చి, నూరేండ్ల పాతవి ఉంటే మ్యూజియంలో పెడతామనె. మన ఇంట్లో యాడుండాయి పాతవి? నీ పెండ్లాం చీరను అద్దాల్లో పెట్టించినా. ధర్మవరంలో ఎవురికి దక్కింది ఈ మర్యాద? నువ్వు చూసి సంతోషపడ్తావని నా దుడ్లు పెట్టి పిల్చుకొచ్చినా."

"పేరెందుకు పెట్టలేదు మరి?"

"పేరు పెడితే పాతదెట్లయితాది?"

అదీ జవాబు. కంచే చేను మేసిందనుకుంటే, ఆ కంచె ఇప్పుడు చేనుకు నేను చేసిన మేలు చూడమంటోంది. లక్ష్మన్నకు చీర పోయినందుకు అంత బాధ కలగలేదు. జబ్బు మంచం మీద ఓబులమ్మ, "పాపం అన్న, ఇంకా ఆ చీర సంగతే మనసులో పెట్టుకోని కుములుతాండాడు, నువ్వు పోయి ధైర్యం చెప్పు" అని తనను హిందూపురం పంపింది. ఆ రోజు ఈ చీర ఆ ఇంట్లోనే, ఆ గోడ అవతలి బీరువాలో ఉంది. తాను ధైర్యం చెప్పి, వాళ్లింట్లో భోంచేసి వచ్చాడు. 

పెద్దమ్మ తిరిగి రాగానే లక్ష్మన్న రంజితను పక్కకు పిలవలేదు, అందరి ముందే చెప్పాడు.

"పాపా, ఈయమ్మకు చెప్పు. ఈ చీరకు నూరేండ్లు లేవు, ఇరవై మూడేండ్లే. గీసింది నేను. నేసింది నా పెండ్లాం ఓబులమ్మ. కావాలంటే భుజం మీది పువ్వు చూడమను. దానికి ఒక రేకు ఉండదు. నేనే ఇడిసినా, ఆయమ్మ ఇడవమంటే ఇడిసినా."

రంజిత జంకింది, ఆమెను పెట్టుకుంది అశ్వత్థప్పే మరి. అయినా గోరంట్ల పిల్ల, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. పెద్దమ్మ భూతద్దం తెచ్చి వంగి చూసింది. ఒక్కొక్క రేకూ లెక్కపెట్టింది. ఇన్నాళ్లుగా తన కంట పడనిది ఈ మనిషికి ఎట్లా తెలుసని ఆశ్చర్యంగా అశ్వత్థప్పను చూసింది.

అశ్వత్థప్ప తడుముకోలేదు. చిరునవ్వుతో ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పాడు. పెద్దమ్మ తల ఊపింది, లక్ష్మన్న వైపు ఎంతో మెచ్చుకోలుగా చూసింది.

"ఏమన్యాడు?"

రంజిత కళ్లు పైకెత్తలేదు. "ఈయన మా పనిమనిషి, నలభై ఏండ్ల నుంచి మా ఇంట్లో ఈ పాత చీరను చూసి కాపీ గీస్తాండాడు, అందుకే దీంట్లో ఉండే తప్పులన్నీ ఈయనకు కంఠతా వచ్చు అన్యాడు తాతా. పెండ్లాం పోయినప్పటి నుంచి మనిషికి కొంచెం... అట్లా అని గూడా అన్యాడు."

దిష్టి తగలకుండా విడిచిపెట్టిన రేకు ఇట్లా ఎదురు తిరుగుతుందని యల్లప్ప కూడా చెప్పలేదు. లక్ష్మన్న మళ్లీ పోయి ఆ పువ్వు ముందే నిలబడ్డాడు. అది చూసి పెద్దమ్మకు ఏమనిపించిందో, రంజితతో నెమ్మదిగా చాలాసేపు మాట్లాడింది. రంజిత ఆ మాటలన్నీ జాగ్రత్తగా తెలుగు చేసింది.

"నీ మాట నిజమని నీకు గట్టిగా ఉంటే పరీక్ష చేయిస్తాదంట తాతా. ఒక పోగు తీసి చూస్తే రంగు ఎప్పటిదో, జరీ ఎప్పటిదో తెలిసిపోతాదంట. నువ్వు ఊ అంటే చాలు."

"అన్యానని చెప్పు."

"నిలబడు తాతా, ఇంగా ఉంది. కొత్తదని తేలితే దీన్ని ఈడ పెట్టుకోరంట. ఈ మ్యూజియం పాతవాటికేనంట. అద్దాల్లోనుంచి తీసి, ఇచ్చినోళ్లకే వాపసు పంపిస్తారంట."

"ఇచ్చినోళ్లంటే?"

రంజిత అశ్వత్థప్పను చూసింది. అశ్వత్థప్ప కిటికీలోంచి వీధిని చూస్తున్నాడు.

కక్కలేక మింగలేక నిలబడిపోయాడు లక్ష్మన్న. నిజం చెబితే ఓబులమ్మ చీర మళ్లీ ఆ బీరువాలోకే పోతుంది, ఈసారి కోపంతో. ఏ పాత జరీ కొనేవాడికో వేస్తే వాడు కాల్చి వెండి తీసుకుంటాడు. చెప్పకపోతే ఇక్కడే ఉంటుంది, చల్లగా, దీపాల కింద, పేరు లేకుండా. అంతలో ఎవరో ముసలావిడ చేతికర్ర పట్టుకుని గదిలోకి వచ్చింది. అన్ని అద్దాలూ దాటుకుంటూ వచ్చి దానిమ్మ చీర ముందు ఆగింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని, కొంగు మీదికి వంగి, కదలకుండా చూస్తూ ఉండిపోయింది. మగ్గం గుంతలోనుంచి లేవలేక నడుం పట్టుకుని లేచే ఓబులమ్మ పనిని అట్లా నిలబడి చూసినవాళ్లను లక్ష్మన్న ఎరగడు. తను కూడా చూడలేదు. రేకు దొరికిందా లేదా అనే విన్నాడు.

ఆ ముసలావిడ పోయేదాకా ఆగాడు.

"వద్దులే పాపా. నేనే పొరబడినానని చెప్పు."

"తాతా, నిజంగానా?"

"చెప్పు."

రంజిత చెప్పింది. చెబుతుంటే ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పెద్దమ్మ జాలిగా లక్ష్మన్న చెయ్యి పట్టుకుంది. అశ్వత్థప్ప వచ్చి వీపు తట్టాడు. "బుద్ధిమంతునివప్పా నువ్వు. నాకు తెలుసు" అన్నాడు. అబద్ధం ఆడి మోసం చేసినప్పటి కంటే ఆ తట్టినప్పుడే లక్ష్మన్నకు ఒళ్లు ఎక్కువ మండింది. ఇంతసేపూ మోసపోయినవాడు తానొక్కడే, ఇప్పుడు ఓబులమ్మను మోసం చేసినవాళ్లలో తనూ చేరాడు. ఆ చేర్చడం కూడా అశ్వత్థప్పే చేశాడు.

బెంగుళూరులో విమానం దిగాక, కారులో రమ్మన్నా వినకుండా లక్ష్మన్న రైలెక్కాడు. హిందూపురం స్టేషను వచ్చినప్పుడు కిటికీ వేసుకున్నాడు. పెనుకొండలో దిగి కూతురింటికి పోయాడు. ప్రేమలత వేడివేడిగా సంగటి చేసి, పీట వేసి, ఎదురుగా కూర్చుంది.

"చెప్పు నాయనా. ఏమేం చూసినావు?"

చెప్పాడు. గుడ్డలు లేని రాతి మనిషి సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. రాణమ్మ గౌను సంగతి, దాని మీది మడతల సంగతి చెప్పాడు. ఆయన తింటుండగా ప్రేమలత ఫోను తీసుకుని, రంజిత పంపిన ఫోటోలు ఒకటొకటే జరుపుతూ వచ్చింది. ఒక ఫోటో దగ్గర ఆమె వేలు ఆగింది.

"అబ్బా, ఈ చీర ఎంత బాగుండాది నాయనా! దానిమ్మ పూలు. మన పక్క చీరే గదా ఇది? అమ్మ నాకని నేసింది గూడా ఇట్లనే ఎర్రగా ఉండె, కాదా? నాకు సరిగా గుర్తు రాదు. ఎవురు నేసింది ఇది?"

లక్ష్మన్న ముద్ద మింగి, కొన్ని నీళ్లు తాగాడు.

"నూరేండ్ల నాటిదంటమ్మా. నేసినోళ్ల పేరు తెలియదంట."

"అయ్యో పాపం" అంది ప్రేమలత. రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేసి, కొంగంతా ఆ చివర నుంచి ఈ చివరదాకా చూసింది. భుజం మీద పడే పువ్వు దగ్గరికి వచ్చి నవ్వింది.

"చూడు నాయనా, ఇంత బాగా నేసి, ఈ ఒక్క పువ్వుకు రేకు మరిచిపోయింది ఆయమ్మ ఎవురో గానీ!"

లక్ష్మన్న తల ఎత్తలేదు. వేలితో పీట చెక్క మీద రెండుసార్లు తట్టాడు.

ఇంకో ముద్ద అడుగుతున్నాడనుకుని ప్రేమలత సంగటి గిన్నె దగ్గరికి లాక్కుంది.